పాలికి మేపిన పడ్డ

మొన్న ఆదివారం కుక్కను తీసుకెళ్ళిపోయారు. తెచ్చిన రోజే స్రవంతి స్పష్టంగా చెప్పింది: "ఇది మీది కాదు ఆంటీ, కాలు బాగయ్యేదాకా మీ దగ్గర ఉంటుంది, ఈలోగా పెంచుకునేవాళ్ళను మేం వెతుకుతాం." స్రవంతి మా అపార్ట్‌మెంట్‌లోనే కింది అంతస్తులో ఉంటుంది. డిగ్రీ చదువుతూ, సెలవు రోజుల్లో గుంటూరు బయట ఉన్న ఒక షెల్టర్‌కి వెళ్ళి, దెబ్బలు తగిలిన వీధి కుక్కలకు సేవ చేస్తుంది. అక్కడ చోటు చాలనప్పుడు వాటిని ఇలా తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో పెడతారట. ఫాస్టరింగ్ అంటారు దాన్ని. నేను బడి నుంచి రిటైరైన దాన్ని, ఇంట్లో నేనూ మా ఆయనా తప్ప ఎవరూ లేరు, కాబట్టి స్రవంతి కళ్ళకు నేను ఖాళీగా ఉన్న మనిషిలా కనపడి ఉంటాను. ఆ పిల్ల నిబంధనలన్నీ గడగడా చెప్పేసింది. పేరు పెట్టొద్దు, సోఫా ఎక్కనివ్వొద్దు, మరీ మాలిమి చేసుకోవద్దు, ఇచ్చేసేటప్పుడు ఏడవొద్దు. నేను నవ్వేశాను. నా నవ్వు చూసి ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. ఆ నిబంధనలన్నీ నేను పావడాలు కట్టుకునే రోజుల్లోనే మా నాయనమ్మ నోట విన్నానని ఆ పిల్లకెలా తెలుస్తుంది?

మా ఊరు చీరాల నుంచి లోపలికి, నల్లరేగడి చేల మధ్య ఉండేది. బస్సు దిగాక ఎండాకాలమైతే దుమ్ములో, వానాకాలమైతే మోకాటి లోతు బురదలో నడవాలి. మా ఇంటి పక్కనే పంచాయతీ వాళ్ళ బందెలదొడ్డి. చేలో పడి మేసిన పశువుల్ని తోలుకొచ్చి కట్టేసే చోటు అది. చుట్టూ మట్టిగోడ, ఒక ఇనపగేటు, లోపల పగిలిపోయిన నీళ్ళ తొట్టి, అంతే. పశువుగలవాడు వచ్చి, బందె డబ్బులు కట్టి, చివాట్లు తిని విడిపించుకుపోవాలి. అందాకా దాని తిండీ నీళ్ళూ చూడాల్సింది కావలి కోటయ్య. ఆ కోటయ్యకు తన తిండి చూసుకునే ఓపికే ఉండేది కాదు. పాపం, రాత్రంతా ఆ మూగజీవాలు అరుస్తుంటే మా నాయనమ్మకు నిద్ర పట్టేది కాదు. "ఎవడో వదిలేశాడు, వీడెవడో కట్టేశాడు, మధ్యలో నా నిద్ర చెడింది" అని తిట్టుకుంటూ లేచి, గోడ మీద నుంచి చొప్ప వేసేది. కొన్నాళ్ళకు ప్రెసిడెంటు గారి నోటిమాట తీసుకుని, గాయాలైనవాటినీ పాలు మరవని దూడలనీ ఏకంగా మా గొడ్ల చావిడిలోకే తోలించుకోవడం మొదలుపెట్టింది. వాటిని ఆవిడ చుట్టాలు అనేది. "చుట్టం వచ్చింది, కుడితి పట్రా" అంటే అది ఏ ఆవో, ఎవరి ఎడ్లలో ఒకటో అన్నమాట. చుట్టాలకు పేర్లు పెట్టకూడదు. మెడలో గంట కట్టకూడదు. పోయేటప్పుడు వాకిట్లో నిలబడి ఏడవకూడదు, శాస్త్రం కాదు. మా నాన్న మాత్రం "చుట్టమై వచ్చి దయ్యమై పట్టుకుంటాయి నీ చుట్టాలు" అని విసుక్కునేవాడు.

ఇప్పటికీ ఎక్కడైనా నానిన పత్తిగింజల వాసన వస్తే నాకు మా చావిడి కళ్ళముందుకొస్తుంది. నాయనమ్మ సాయంత్రమే గింజలు నానబోసేది. పొద్దున్నే మేం లేచేసరికి పెద్ద రోటి ముందు కూర్చుని, కాళ్ళు బారజాపి, పొత్రం తిప్పుతూ ఉండేది. పత్తిగింజల పాలు తెల్లగా, చిక్కగా, కాస్త పచ్చివాసనగా ఉంటాయి. అందులో తవుడూ, తెలగపిండీ కలిపి, చేత్తో పిసికి, పెసరంత గడ్డ లేకుండా చూసి పెట్టేది. అన్నం కలిపేటప్పుడు కూడా మాకంత శ్రద్ధగా కలిపేది కాదు. చలికాలమంతా మధ్యగదిలో పత్తి వాసాలదాకా పోసి ఉండేది, మేం పిల్లలం దాని మీదికి దూకి తన్నులు తినేవాళ్ళం. పత్తి పోయాక మిరపకాయలు వచ్చేవి. అప్పుడు ఇల్లిల్లంతా తుమ్ములే. అన్నం తింటూ తుమ్మేవాళ్ళం, ఎక్కాలు చదువుతూ తుమ్మేవాళ్ళం. కొత్తగా వచ్చిన చుట్టం కూడా రెండు రోజులు తుమ్మి, తర్వాత అలవాటు పడేది.

ఊళ్ళోవాళ్ళు అమాయకులేం కాదు. నాయనమ్మ చేతి పత్తిగింజల సంగతి తెలిశాక, ఎండాకాలంలో మేపు కరువైనప్పుడు కొందరు కావాలనే పశువును పక్కచేలోకి వదిలేవాళ్ళు. కోటయ్య తోలుకొస్తాడు, మా ఇంటికి చేరుతుంది, తొలకరికి ఒళ్ళుచేసి వెనక్కొస్తుంది. దొరికిపోతే తిట్లు తినాలి కాబట్టి, వదిలినవాడు వదిలినట్టు ఒప్పుకోడు. నాయనమ్మకు ఏ పశువు ఎవరిదో కొమ్ముల వంపు చూసి చెప్పగలిగేంత తెలుసు. అయినా అడిగితే "నాకేం తెలుసు, నోరుందా దానికి చెప్పటానికి" అనేది.

అలా వచ్చిందే ఆ పడ్డ. వానలు మొహం చాటేసిన ఏడాది. చొప్పవాములు మాఘమాసానికే అడుగంటాయి. పడ్డ అంటే ఇంకా ఈనని గేదెపిల్ల. ఇది ఎముకలు తేలి, చర్మం వేలాడుతూ, నిలబడితే తూలేది. బావి కింద గోంగూర మడిలో పడిందని కోటయ్య తోలుకొచ్చాడు. దాని మెడలో పలుపు లేదు. గుంజ తెంపుకొచ్చిన పశువుకు తెగిన తాడు ముక్కయినా వేలాడుతుంది. ఇది చక్కగా పలుపు విప్పి వదిలిన పశువని చూసినవాళ్ళకెవరికైనా తెలుస్తుంది. నాయనమ్మ దాని మెడ తడిమి చూసి, కుడితి పట్రమ్మంది. ఆ ఏడాదే మా ఇంట్లో పెద్ద కష్టం ఒకటి జరిగింది. ఆవిడ కాపురానికొచ్చేటప్పుడు పుట్టింటినుంచి తోలుకొచ్చిన గేదె సంతానంలో ఆఖరుది, సంక్రాంతి ముందు ఈనుతూ చచ్చిపోయింది. నేను పుట్టాక మా చావిడిలో సొంత గేదె లేకపోవడం అదే మొదలు. పాలు కొనుక్కుని తాగుతున్నాం. నాయనమ్మ ఆ పాల కాఫీ నోట పెట్టేది కాదు. పైకి చెప్పలేదు గానీ, ఆవిడకు ఆ పడ్డ మీద ఆశ పుట్టింది. నాకూ పుట్టింది.

ఆ ఎండల్లో మా వాకిట్లో మిరపకాయలు పోసి, కూలీ ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతుండేవాళ్ళు. వాళ్ళలో దీనమ్మ ఒకతి. రోడ్డవతల పల్లెలో ఉండేది, మొగుడు పోయాడు, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి పోవడం తప్ప మిగతా రోజులన్నీ పనే. నోరు గట్టిది. పడ్డ వచ్చిన రోజు మాత్రం తలెత్తకుండా కాయలేరింది. మర్నాడు ఎవరినో అడిగినట్టు అడిగింది.

"ఎవురిదండీ అమ్మగారూ ఆ పడ్డ?"

"ఎవరిదో నాకేం తెలుసే. తింటంది, పడుకుంటంది."

దీనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చిట్టు పెడితే మూతి తిప్పుద్దేమోనండీ. ఇట్టాటి పడ్డలు తవుడైతే తింటయ్."

"నీకెట్టా తెలుసు?"

"నాకేం తెలుసండీ? దాని మొగం చూత్తే అట్టా అనిపిత్తంది. కుడిచెవి కింద గోకితే నిలబడుద్దేమో కూడానండీ."

నాయనమ్మ లేచి వెళ్ళి కుడిచెవి కింద గోకింది. పడ్డ మెడ చాపి, కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. మిగతా ఆడవాళ్ళంతా తలలు వంచుకుని తుమ్మడం మొదలుపెట్టారు. అవి మిరపకాయ తుమ్ములు కావని నాకు కూడా తెలిసింది. ఆనాటి నుంచి దీనమ్మకు ఆ పడ్డ మొహం చూసి బోలెడన్ని అనిపించేవి. ఉరిమితే బెదురుద్దేమో, ఎండన కడిగితే దగ్గుద్దేమో. నాయనమ్మ అన్నీ వినేది, అన్నీ చేసేది, ఒక్కసారి కూడా "ఇది నీదే కదే" అనలేదు. దీనమ్మా "నాదే" అనలేదు. ఇంటికెళ్ళేటప్పుడు మాత్రం చావిడి వైపు దారి దగ్గరని చెప్పి అటునుంచి తిరిగి వెళ్ళేది. నిజానికి అది చుట్టుదారి.

పడ్డ తేరుకుంది. తోలు నిగనిగలాడింది, మూపు నిండింది. ఆ ఏడు పంట తక్కువై మా కాయలకు గుంటూరులో మంచి ధర వచ్చింది. "గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అన్నారు ఊరికే కాదు" అని మా నాన్న, ఎన్నడూ చావిడిలో అడుగుపెట్టనివాడు, తనే గడ్డి వేయడం మొదలుపెట్టాడు. తొలకరి పడ్డాక పడ్డ చూడి కట్టింది. మా నాన్న అప్పుడే ఈనాక వచ్చే పాలు ఎవరెవరికి పోయాలో చెప్పేవాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నాయనమ్మ వెక్కిరించేది గానీ, వెన్న కుండను ఎందుకో దించి, కడిగి, ఎండబెట్టింది. నేను చూశాను. దీనమ్మ అప్పటికి నాట్లకు పోతూ మా వాకిటికి రావడం లేదు. ఆవిడ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

దసరా దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం దీనమ్మ వచ్చింది. చేతిలో కొత్త పలుపు. పని కోసం వచ్చినప్పుడల్లా తిన్నగా వాకిట్లోకి వచ్చే మనిషి, ఆ రోజు గోడ అవతలే నిలబడింది. వాన వెలిసి ఊరంతా పచ్చగా ఉంది. ఎక్కడ చూసినా గడ్డే.

"అమ్మగారూ, పాలికిచ్చిన పడ్డ చూడి కట్టిందంట. తోలుకుపోదామని వచ్చానండీ. ఈనినాక దూడను మీ పాలు కింద మీకు పంపుతా."

అరుగు మీద పడుకున్న మా నాన్న దిగ్గున లేచి కూర్చున్నాడు. పాలికివ్వడం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఉన్నవాళ్ళు తమ పడ్డను లేనివాళ్ళకు మేపడానికిస్తారు. మేపినందుకు, ఈనాక వచ్చే దూడలో గానీ, దాని విలువలో గానీ వాళ్ళకొక వంతు. అంటే పశువు ఎప్పుడూ పెద్దింటిది, మేత పేదింటిది. ఆ వరస తలకిందులుగా వినడం మా నాన్నకదే మొదటిసారి.

"ఎవరికే పాలికిచ్చింది? మాకా? నువ్వా?" అని అరిచాడు. "మేం నీకు పాలికి మేపామా?"

దీనమ్మ చూపు దించలేదు. "మేపారు కదండీ బాబుగారూ. ఊరికే మేపించుకుంటానా?"

ఆ మాటలో ఎంతుందో నాకప్పుడు తెలియలేదు. ఆవిడ "దయచేసి ఇవ్వండి" అని అడిగి ఉంటే మా నాన్న ఇచ్చేవాడో లేదో గానీ, మనసులో పెద్దవాడైపోయేవాడు. దొంగతనంగా వదిలానని ఒప్పుకుంటే ఊరు నవ్వేది. ఆవిడ రెండూ చేయదలుచుకోలేదు. తన పడ్డను తన పడ్డలాగే తీసుకుపోవాలని వచ్చింది. ఇప్పుడిక నాయనమ్మ చేతిలో ఉంది. ఒక్కమాట అంటే ఆ పడ్డ మాదే. ఊళ్ళో ఒక్కరు కూడా అడ్డం చెప్పరు. నేను నాయనమ్మ కొంగు పట్టుకుని, "ఇవ్వొద్దు" అని గుసగుసలాడుతున్నాను.

నాయనమ్మ చెవులు లేనట్టు కాసేపు చావిడి వైపు చూసింది. తర్వాత మా నాన్నతో, "అవున్రా, పాలికే తెచ్చా. నీకు చెప్పటం మర్చిపోయా" అంది.

"నువ్వా? పాలికా? ఊళ్ళో తలెత్తుకోవద్దా అమ్మా మనం?"

"నీ తలెత్తటానికి దాని గేదె కావాలంట్రా?" అని, ఆవిడ లోపలికెళ్ళి పడ్డ మెడలో మా పలుపు విప్పి భుజాన వేసుకుంది. పశువును ఇచ్చేటప్పుడు మా ఇంటి పలుపు మా ఇంట్లోనే ఉండాలి, అది ఆచారం. దీనమ్మ అప్పుడు గోడ దాటి లోపలికొచ్చి తన పలుపు కట్టింది. కుడిచెవి కింద గోకింది. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. నేనే ఏడ్చాను. పడ్డ నా వైపు చూడనైనా చూడకుండా, గేదెలు నడిచినట్టే నింపాదిగా నడిచిపోయింది. వాకిట్లో ఏడవకూడదని నాయనమ్మ నన్ను లోపలికి లాగి తలుపేసింది. తలుపేశాక ఆవిడ ముఖం చూస్తే నాకు భయమేసింది. అంత దిగులు ఆ ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న రోటి చప్పుడుకి మెలకువొచ్చింది. ఆవిడ అలవాటు కొద్దీ ముందురోజే గింజలు నానబోసింది, తినేది మాత్రం పోయింది. పారబోయడానికి మనసొప్పలేదో, వేరే ఏమనుకుందో, అన్నీ ఎప్పటిలాగే రుబ్బి, తవుడు కలిపి, బకెట్ నిండా తీసుకుని చంకనెత్తుకుంది. "రావే" అంది నాతో. మేం రోడ్డు దాటాం. మా ఇళ్ళ ఆడవాళ్ళు ఆ పల్లెలోకి పోవడం నేనంతవరకు చూడలేదు. కూలీలను పిలవాలన్నా రోడ్డు మీదే నిలబడి కేకేసేవాళ్ళు. అందుకే మమ్మల్ని చూసి పల్లెలో ఇంటింటి ముందూ జనం లేచి నిలబడ్డారు. దారి చూపించమని కూడా నాయనమ్మ ఎవరినీ అడగలేదు, పేడవాసనను పట్టుకుని పోయినట్టు నేరుగా దీనమ్మ పాకకు వెళ్ళింది. బకెట్ పెడితే పడ్డ మూతి ముంచింది.

దీనమ్మ పరుగెత్తుకొచ్చి మంచం వాల్చింది. నాయనమ్మ కూర్చుంది. నాకేమో మేం వచ్చింది చూసి ఎవరేమంటారోనని బెరుగ్గా ఉంది. దీనమ్మ చెంబు మూడుసార్లు తోమి నీళ్ళు తెచ్చింది, తెచ్చి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. ఇవ్వనూ లేదు, కింద పెట్టనూ లేదు. నాయనమ్మే చెయ్యి చాపి అందుకుని, ఎత్తి గటగటా తాగేసింది. తాగి, చెంబులోకి చూసింది. మా వైపు బావులన్నీ ఉప్పన. మేం తాగేవి మైలు దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్ళు.

"ఇవెక్కడివే? తియ్యగున్నయ్."

"మా బాయివేనండీ."

"ఊళ్ళో ఇట్టాటి నీళ్ళు పెట్టుకుని ఇన్నాళ్ళూ చెప్పవేందే?"

"ఎవురడిగారండీ అమ్మగారూ" అంది దీనమ్మ.

నాయనమ్మ ఖాళీ చెంబు దీనమ్మ చేతికిచ్చి, బకెట్ తీసుకుని లేచింది. నీళ్ళు తాగిన కబురు మాకంటే ముందే ఇంటికి చేరింది. మా నాన్న గుమ్మంలోనే ఆపి, "అక్కడ నీళ్ళు తాగావంట?" అన్నాడు. "పాలివాళ్ళింటికి పోయి నీళ్ళు తాక్కుండా వత్తార్రా ఎవరన్నా?" అని, ఆయన్ని పక్కకు నెట్టి లోపలికెళ్ళింది. ఆ తర్వాత పడ్డ ఈనేదాకా, రోజూ కాకపోయినా, గింజలు నానినప్పుడల్లా ఆవిడ రోడ్డు దాటింది. ఈనిన రోజు దీనమ్మ జున్నుపాలు తెచ్చింది. పాలు మరిచాక ఆడదూడను పంపింది, మాట ప్రకారం. మా నాన్న ముందు దాన్ని పట్టుకోవడానికి వాకిట్లోకి రానన్నాడు గానీ, సాయంత్రానికి దాని కుడిచెవి కింద గోకుతూ కనిపించాడు. అంతమాత్రాన రోడ్డుకు అటూ ఇటూ ఒకటైపోయాయని నేననను. మా ఇంట్లో తక్కినవాళ్ళెవరూ ఆ పల్లెకు వెళ్ళలేదు. దీనమ్మ మా వంటింట్లోకి ఎప్పుడూ రాలేదు. నాయనమ్మ పోయాక ఆ రాకపోకలు కూడా ఆగిపోయాయి.

ఇప్పుడు స్రవంతి వాళ్ళ పద్ధతులు ఎంతో నయం. కుక్కను ఇవ్వబోయే ఇల్లు ఎలాంటిదో ముందే వెళ్ళి చూస్తారు, టీకాలు వేయిస్తారు, ఫోటోలు పంపిస్తారు. నాయనమ్మ కాలంలో కుక్క కాలు విరిగితే ఎవరూ తిరిగి చూసేవాళ్ళు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. మొన్న వచ్చిన భార్యాభర్తలు మంచివాళ్ళలాగే ఉన్నారు. కుక్క వాళ్ళ కారెక్కి కూర్చుంది. నేను ఏడవలేదు, స్రవంతి మెచ్చుకుంది. సోమవారం పొద్దున్న అలవాటు కొద్దీ దాని వంతు అన్నం కూడా వండాను. ఆ గిన్నె ముందు పెట్టుకుని స్రవంతికి ఫోన్ చేసి, వాళ్ళ ఇల్లెక్కడమ్మా అని అడిగాను. "అడ్రస్ చెప్పకూడదండీ ఆంటీ. మీరు కనిపిస్తే అది అక్కడ కుదురుకోదు" అంది. నిజమే అయివుంటుంది. ఆ పిల్ల నాకంటే ఎక్కువ కుక్కల్ని చూసింది. అయినా నాకు దుఃఖం ఆగలేదు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను, చాలాసేపు.

నిన్న మళ్ళీ స్రవంతి తలుపు తట్టింది. ఇంకో కుక్క ఉందట, ముసలిది, కన్ను పోయిందట. తీసుకురానా ఆంటీ అని అడగలేక అడిగింది.

"తీసుకురా. పేరు పెట్టను, సోఫా ఎక్కనివ్వను. కాని ఇచ్చేసే రోజు నేనూ మీతో వస్తాను. వాళ్ళ ఇంట్లో కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, వచ్చేస్తాను."

"అలా ఎవరూ వెళ్ళరండీ ఆంటీ" అంది ఆ పిల్ల ఆశ్చర్యంగా.

"ఎవరైనా అడిగారా?" అన్నాను.

"లేదండీ. అడుగుతాను" అంది.